జొన్నరొట్టె తిన్న మూడో రోజుకే కిలోన్నర

ఒకరోజు పొద్దున్నే ఆరున్నరకి తెనాలి నుంచి అక్క ఫోన్ చేసింది. "ఏమే, నా పని అయిపోయిందే" అంది. గొంతులో ఏడుపు వినపడుతోంది. "మూడు రోజులు మధ్యాహ్నం ఒక్కో జొన్నరొట్టె తిన్నా. ఒక్కటంటే ఒక్కటి. ఇవాళ మిషన్ ఎక్కితే కిలోన్నర ఎక్కువ చూపిస్తోంది. ఐదు నెలలు నోరు కట్టుకున్నదంతా గంగలో కలిసిపోయింది."

అక్క ఆ ఐదు నెలల్లో 78 కిలోల నుంచి 66కి వచ్చింది. అన్నం, ఇడ్లీ, దోశ, బంగాళాదుంప, అరటిపండు అన్నీ మానేసి గుడ్లు, చేపలు, పనీరు, ఆకుకూరలు, కొబ్బరి నూనె, నెయ్యి మీద బతికింది. బోర్డర్‌లో ఉన్న షుగర్ మామూలు స్థాయికి వచ్చింది. అనుకున్న బరువుకి చేరాక, ఇక కొంచెం కొంచెంగా ధాన్యం మొదలుపెట్టమని చెప్పింది నేనే. ఇంట్లో పోషకాహారం చదువుకున్నదాన్ని నేనే కాబట్టి ఆ కిలోన్నరకి సమాధానం కూడా నేనే చెప్పాలి.

అక్కలాంటి వాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి ప్రసంగాలు ఊరూరా మారుమోగిన రోజుల నుంచి, అన్నం మానేసి కొవ్వుతో బతికే పద్ధతి తెలుగు ఇళ్లలో మామూలు మాట అయింది. ఆ పద్ధతిలో ఎలా మొదలుపెట్టాలో అందరికీ తెలుసు. బరువు తగ్గాక అందులోంచి ఎలా బయటికి రావాలో మాత్రం చెప్పేవాళ్లు తక్కువ. దాంతో ఎక్కువమంది రెండు దారుల్లో ఒకటి పడతారు. మెతుకు చూస్తేనే భయపడుతూ ఏళ్ల తరబడి అలాగే ఉండిపోవడం ఒకటి. ఏదో పెళ్లిలో గట్టు తెగి, ఆర్నెల్లలో పోయిన బరువంతా తిరిగి తెచ్చుకోవడం రెండోది. ఈ రెండూ కాని దారి ఉంది. కాకపోతే దానికి కొంచెం లెక్క కావాలి.

ముందు ఆ కిలోన్నర సంగతి.

ఒక కిలో ఒంటి కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి. కిలోన్నర కొవ్వు పట్టాలంటే ఖర్చయ్యేదానికి మించి 11,500 కేలరీలు తినాలి. 50 గ్రాముల పిండితో చేసిన జొన్నరొట్టెలో ఉండేవి 170 లోపే. అంటే అక్క తిన్నవి మూడు రొట్టెలు కాదు, మామూలు భోజనం మీద అదనంగా డెబ్బై దాకా తిని ఉండాలి. కాబట్టి అది కొవ్వు అయ్యే అవకాశమే లేదు.

మరి ఏమిటది? నీళ్లు. మనం తిన్న పిండిపదార్థంలో కొంత గ్లైకోజెన్ రూపంలో కాలేయంలోనూ కండరాల్లోనూ నిల్వ ఉంటుంది. మామూలుగా తినే మనిషిలో కాలేయంలో 100 గ్రాములు, కండరాల్లో 400 గ్రాముల వరకు ఉంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం మానేసిన మొదటి వారంలో ఈ నిల్వ తరిగి, నీళ్లూ పోతాయి. "వారంలో మూడు కిలోలు తగ్గా" అని అందరూ సంబరపడేది చాలావరకు ఇదే. వెళ్లేటప్పుడు సంబరంగా చూసిన నీళ్లే తిరిగొచ్చేటప్పుడు మనల్ని బెదరగొడతాయి.

లెక్క ఇంకొంచెం ముందుకు తీసుకెళ్తే, మూడు రొట్టెల్లో ఉన్న పిండిపదార్థం మొత్తం 100 గ్రాములే. అదంతా గ్లైకోజెన్‌గా మారినా నీటితో కలిపి 400 గ్రాములు దాటదు. మిగతా కిలో ఎక్కడిది? ఉప్పుది. పిండిపదార్థాలు మానేస్తే ఇన్సులిన్ తగ్గుతుంది, ఇన్సులిన్ తగ్గితే మూత్రపిండాలు సోడియాన్ని ఎక్కువగా బయటికి పంపేస్తాయి. మొదటి రోజుల్లో తలనొప్పి, నీరసం, కళ్లు తిరగడం అందుకే వస్తాయి. ధాన్యం మళ్లీ మొదలవగానే మూత్రపిండాలు ఉప్పుని ఒంట్లో ఉంచడం మొదలుపెడతాయి, ఉప్పుతోపాటు నీళ్లూ ఉంటాయి. పైగా అక్క ఆ రొట్టెని గోంగూర పచ్చడితో తింది. ఐదు నెలలుగా లేని ధాన్యపు పీచు పేగుల్లోకి వచ్చింది కాబట్టి, దాని బరువూ తోడయింది.

ఈ విషయం ముందే తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. ధాన్యం తిరిగి మొదలుపెట్టేవాళ్లు తమ లక్ష్యం బరువుకి కిలో నుంచి రెండు కిలోలు కలుపుకుని దాన్నే కొత్త మొదలుగా చూసుకోవాలి. అక్క అసలు బరువు 66 కాదు, 67 పైచిలుకు. ఆ 66 ఖాళీ ట్యాంకుతో తూచిన బరువు.

రెండోరోజే ఇంకో ఫోన్. ఈసారి గ్లూకోమీటర్. రొట్టె తిన్న గంటకి 171 చూపించింది. "చూశావా, నా ఒంటికి ధాన్యం పడదు" అని తీర్మానించేసింది. ఇక్కడ కూడా తొందరపడకూడదు. నెలల తరబడి కొవ్వు మీద నడిచిన కండరాలు గ్లూకోజ్‌ని వాడుకోవడంలో వెనకబడతాయి. అలవాటు తప్పిన పని మళ్లీ అందుకోవడానికి వాటికి కొన్ని రోజులు పడుతుంది. గ్లూకోజ్ తాగించి చేసే షుగర్ పరీక్షకి ముందు మూడు రోజులు రోజుకి కనీసం 150 గ్రాముల పిండిపదార్థాలు తినాలని నియమం ఉన్నదే ఇందుకు. అలా తినకుండా వెళ్తే షుగర్ లేనివాళ్లకీ ఉన్నట్టు తప్పుడు ఫలితం రావచ్చు. అక్కని అదే కొలతతో, అదే టైముకి ఇంకో వారం తినమన్నాను. ఆరో రోజుకి గంట తర్వాతి రీడింగ్ 140కి దిగింది. అందరికీ ఇలాగే దిగుతుందని హామీ లేదు. రెండు మూడు వారాలైనా దిగకపోతే కొలత తగ్గించాలి, డాక్టరుకి చూపించుకోవాలి. మొదటిరోజు అంకె పట్టుకుని మాత్రం జీవితకాలపు తీర్పు ఇచ్చుకోకూడదు.

ఇప్పుడు అసలు చిక్కు ముడికి వద్దాం. ధాన్యం తిరిగి తింటే నిజంగానే లావైనవాళ్లు ఉన్నారు, బోలెడంతమంది. వాళ్లంతా ఎక్కడ తప్పారు?

నూనె దగ్గర.

అక్క డబ్బాలు చూస్తే విషయం అర్థమైంది. రోజుకి 70 గ్రాముల వరకు కొబ్బరి నూనె, నెయ్యి కలిపి వాడేది. అంటే 630 కేలరీలు. అన్నం లేనప్పుడు ఆ నూనెకి పని ఉంది, ఒళ్లు దాంతోనే నడిచింది. రొట్టె వచ్చాక కూడా గుడ్డు అట్టులో అదే నెయ్యి, కూరలో అదే నూనె, కాఫీలో అదే వెన్న. డైట్‌లోంచి ఏమీ తియ్యకుండా పైన ధాన్యం పెట్టింది. గ్రాము పిండిపదార్థంలో 4 కేలరీలు, గ్రాము కొవ్వులో 9. రెండూ నిండుగా ఒకే పళ్లెంలో ఉంటే, ఒళ్లు ముందు గ్లూకోజ్‌ని ఖర్చుపెట్టుకుని కొవ్వుని దాచేస్తుంది. తక్కువ పిండి ఆహారంలో కొవ్వు ఎక్కువ తినొచ్చు, మామూలు ఆహారంలో ధాన్యం తినొచ్చు, కానీ రెండింటి మధ్య వంతెన మీద నడిచేటప్పుడు ఇటు అడుగు వేస్తే అటు అడుగు తియ్యాలి.

అందుకని అక్కకి ఒకే ఒక్క మారకం చెప్పాను. 50 గ్రాముల ధాన్యం లోపలికి వస్తే నాలుగు టీస్పూన్ల నూనె బయటికి వెళ్లాలి. టీస్పూను నూనె నాలుగున్నర గ్రాములు, 40 కేలరీలు. నాలుగు చెంచాలు 160. ఒక రొట్టెకి దాదాపు సరిపోతుంది. ఈ ఒక్క లెక్క గుర్తుంటే యాప్‌లూ చార్టులూ అక్కర్లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, రోజుకి 2,000 కేలరీలు తినే మనిషికి నూనె 27 గ్రాముల దగ్గర పెట్టింది. అక్క 70 నుంచి మెల్లమెల్లగా 30 దగ్గరికి వస్తే ఆ ఖాళీలో 100 గ్రాములకి పైగా ధాన్యం పట్టేస్తుంది.

ఇంకొకటి కూడా గుర్తుపెట్టుకోవాలి. 78 కిలోల ఒళ్లు ఖర్చుపెట్టినంత 66 కిలోల ఒళ్లు ఖర్చుపెట్టదు. మోసే బరువు తగ్గింది కాబట్టి రోజుకి రెండు మూడు వందల కేలరీల అవసరం కూడా తగ్గుతుంది. "డైట్‌కి ముందు తిన్నట్టే తింటాను, కాకపోతే అన్నం బదులు కొర్రలు" అనే ఆలోచన అక్కడే దెబ్బతింటుంది.

కొర్రల మాట వచ్చింది కాబట్టి, నాకు చాలాకాలంగా మనసులో ఉన్న మాట చెప్తాను. మన దగ్గర అన్నం మానేసిన వాళ్లు చాలామంది నేరుగా సిరిధాన్యాలకి వస్తారు. ఖాదర్ వలీ గారి వల్ల కొర్రలు, అండుకొర్రలు, సామలు, ఊదలు, అరికెలు ఇంటింటికీ తెలిశాయి, ఆయనకి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఐక్యరాజ్యసమితి ఆ ఏడాదినే చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఈ పంటలు తిరిగి పళ్లెంలోకి రావడం నాకు ఎంతో ఇష్టమైన విషయం. కానీ చిరుధాన్యం కాబట్టి కడుపునిండా తినొచ్చు అనే నమ్మకం నిలబడదు. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 50 గ్రాముల పాలిష్ బియ్యంలో పిండిపదార్థం 39 గ్రాములు. అంతే తూకం జొన్నల్లో 34, రాగుల్లో 33, సజ్జల్లో 31. తేడా ఐదు నుంచి ఎనిమిది గ్రాములు, అంతకుమించి లేదు. అసలు తేడా పీచులో ఉంది. బియ్యంలో గ్రాము, గ్రామున్నర. జొన్న, సజ్జ, రాగుల్లో ఐదు నుంచి ఆరు. అంటే ముడి ధాన్యం మనకిచ్చే లాభం తక్కువ పిండిపదార్థం కాదు, ఎక్కువ పీచు. ఆ పీచు వల్ల కడుపు నిండినట్టుంటుంది, మెల్లగా అరుగుతుంది, మలబద్ధకం తగ్గుతుంది. కొలత రెట్టింపైతే ఆ లాభమంతా పోతుంది.

2025లో నేచర్ మెడిసిన్ పత్రికలో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అనే దేశవ్యాప్త షుగర్ సర్వే కూడా ఇదే చెప్పింది. మన దేశంలో సగటున 62 శాతం కేలరీలు పిండిపదార్థాల నుంచే వస్తున్నాయి. తెల్లన్నం తీసేసి ఆ స్థానంలో గోధుమ పిండో చిరుధాన్యాల పిండో పెట్టినంత మాత్రాన షుగర్ ముప్పు తగ్గినట్టు కనపడలేదు. ఆ పిండిపదార్థాల్లో కొంత భాగం తీసి పప్పులు, పాలలాంటి వాటి ప్రోటీన్ పెట్టినప్పుడు ముప్పు తగ్గింది. అక్క పళ్లెంలో గుడ్డు, చేప, పప్పు అలాగే ఉండాలని నేను పట్టుబట్టింది అందుకే. ధాన్యం రావలసింది నూనె స్థానంలోకి, ప్రోటీన్ స్థానంలోకి కాదు.

ధాన్యం ఏదన్నదానికంటే ఏ రూపంలో తింటున్నామన్నది ఎక్కువ తేడా చేస్తుంది. గింజ గింజగా ఉన్నప్పుడు జీర్ణరసాలు పైపొర దాటి లోపలికి వెళ్లాలి. మెత్తగా పిండి పట్టించాక ఆ పని మర ముందే చేసి పెడుతుంది. అదే రాగి, పల్చటి జావగా తాగితే గబగబా రక్తంలోకి వెళ్తుంది, చాలామంది షుగర్ ఉన్నవాళ్లు "రాగి జావ తాగినా షుగర్ ఎందుకు పెరిగింది" అని అడిగేది ఇందుకే. గట్టిగా ఉడికించిన కొర్రన్నం, నూకగా పగలగొట్టి వండిన జొన్న గటక, దంపుడు బియ్యం నమలాల్సిన తిండి. నేను తిరిగి మొదలుపెట్టేవాళ్లకి మొదటి నెల గింజల్నే చెప్తాను, తర్వాత రొట్టె, చివరికి జావ. అక్క నా మాట వినకుండా రొట్టెతో మొదలుపెట్టింది. వాళ్ల అత్తగారింట్లో జొన్నరొట్టె చెయ్యడంలో అక్కకి పేరుంది, మానుకోలేకపోయింది.

కొనేటప్పుడు పాలిష్ సంగతి చూడాలి. మార్కెట్లో దొరికే కొర్రలు, సామలు, ఊదల్లో చాలావరకు పాలిష్ పట్టినవే. తెల్లగా మెరిసిపోతున్న సామలకీ తెల్ల బియ్యానికీ మధ్య పెద్ద తేడా మిగలదు. పాలిష్ పట్టనివి కాస్త మసకగా, రంగు తేలిపోకుండా ఉంటాయి. చేత్తో నలిపితే సన్నటి తవుడు అంటుకుంటుంది. తవుడులో నూనె ఉంటుంది కాబట్టి ఎక్కువ రోజులు నిలవ ఉండవు. సజ్జ పిండి అయితే కొద్దిరోజుల్లోనే చేదెక్కుతుంది. నెలకి సరిపడా కాకుండా పదిరోజులకి సరిపడా పట్టించుకోవడం మంచిది. వండేముందు ఐదారు గంటలు నానబెడితే మెత్తగా ఉడుకుతాయి, పొట్ట ఉబ్బరం తగ్గుతుంది. ఇక రాగి బిస్కెట్లు, మల్టీగ్రెయిన్ బ్రెడ్డు, కొర్ర మురుకులు ఈ చర్చలోకే రావు. ప్యాకెట్ వెనక చదివితే చాలా వాటిలో మొదట మైదా, తర్వాత నూనె, తర్వాత చక్కెర ఉంటాయి.

ఎంత వేగంతో పెంచాలి? దీనికి మంచి ఆధారం స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జరిగిన డైట్‌ఫిట్స్ అధ్యయనం. 609 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టు పిండిపదార్థం, ఇంకో జట్టు కొవ్వు మొదటి ఎనిమిది వారాల్లో రోజుకి 20 గ్రాములకి తగ్గించే ప్రయత్నం చేసింది. ఆ తర్వాత వారానికి 5 నుంచి 15 గ్రాముల చొప్పున పెంచుకుంటూ, జీవితాంతం ఇబ్బంది లేకుండా ఉండగలమనిపించిన చోట ఆగమన్నారు. ఏడాది చివరికి తక్కువ పిండి జట్టులో సగటు మనిషి రోజుకి 130 గ్రాముల పిండిపదార్థం తింటున్నాడు, తగ్గిన సగటు బరువు 6 కిలోలు. తక్కువ కొవ్వు జట్టులో 5.3. ఈ ఫలితాలు 2018లో వచ్చాయి. ఇందులో నన్ను ఆకట్టుకుంది ఆ గెలుపోటములు కాదు, ఆ 130. 20 దగ్గర మొదలైన వాళ్లు 20 దగ్గర ఉండిపోలేదు, పాత అలవాటుకీ వెళ్లలేదు. ఎవరి చోటు వాళ్లు వెతుక్కున్నారు, బరువూ తగ్గే ఉంది.

దీన్నే మన వంటింటి భాషలో చెప్పాలంటే ఇలా. మొదటి రెండు వారాలు మధ్యాహ్నం ఒక్కపూట, వండకముందు తూచిన 25 గ్రాముల ముడి ధాన్యం. తర్వాతి రెండు వారాలు 50. ఆపైన రెండు వారాలకోసారి ఇంకో 25. మధ్యాహ్నమే ఎందుకంటే, పగటిపూట ఒళ్లు గ్లూకోజ్‌ని రాత్రికంటే బాగా సర్దుకుంటుంది. పళ్లెంలో ముందు కూర, గుడ్డో చేపో తిని, ధాన్యం చివర్లో తింటే షుగర్ పెరుగుదల నెమ్మదిస్తుంది. తిన్నాక పది పదిహేను నిమిషాల నడక కూడా అంతే పని చేస్తుంది. పీచు పెరుగుతోంది కాబట్టి నీళ్లు సరిగా తాగాలి, లేకపోతే మలబద్ధకం తగ్గకపోగా ముదురుతుంది. బరువు రోజూ చూసుకున్నా ఫర్వాలేదు గానీ, నమ్మాల్సింది వారం సగటుని మాత్రమే. మొదటి వారం నీళ్ల పెరుగుదల పోయాక, వరసగా మూడు వారాలు సగటు పెరుగుతూ ఉంటే ఒక మెట్టు వెనక్కి రావాలి. ఆ మెట్టే ఆ మనిషికి సరైన చోటు.

కొందరు ఇదంతా సొంతంగా చెయ్యకూడదు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకి, గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు వాడేవాళ్లకి, అన్నం మానేసినప్పుడు డాక్టర్లు డోసు తగ్గించి ఉంటారు. ధాన్యం తిరిగొస్తే ఆ డోసు మళ్లీ చూడాలి. బీపీ మాత్రలదీ ఇదే కథ. ఉప్పు, నీళ్లు ఒంట్లో నిలవడం మొదలవగానే బీపీ పైకి వెళ్లొచ్చు, కాబట్టి మొదటి నెల ఇంట్లో చూసుకుంటూ ఉండాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడేవాళ్లయితే పిండిపదార్థాలు బాగా తగ్గించిన ఆహారంలోకి డాక్టరుకి చెప్పకుండా వెళ్లడమే ప్రమాదం, షుగర్ మామూలుగా కనిపిస్తూనే రక్తంలో ఆమ్లాలు పెరిగిపోయే పరిస్థితి రావచ్చు.

ఇంత తిప్పలు పడి ధాన్యం ఎందుకు, అలాగే ఉండిపోవచ్చుగా అని అడిగేవాళ్లుంటారు. ఉండగలిగి, పరీక్షలన్నీ బాగుండి, సంతోషంగా ఉన్నవాళ్లని నేను కదపను. కానీ 2019లో లాన్సెట్‌లో వచ్చిన పెద్ద సమీక్షలో, రోజుకి 25 నుంచి 29 గ్రాముల పీచు తినేవాళ్లలో, తక్కువ తినేవాళ్లతో పోలిస్తే గుండె జబ్బులు, షుగర్, పెద్దపేగు క్యాన్సర్ తక్కువగా కనిపించాయి. ధాన్యం, పప్పు రెండూ లేకుండా అంత పీచు రోజూ అందుకోవడం మన వంటలతో కష్టం. అది కాక, అక్క ఐదు నెలల్లో ఒక్కరోజు కూడా ఇంట్లో వాళ్లతో కలిసి ఒకే వంట తినలేదు. పిల్లలకి ఒక గిన్నె, తనకి ఒక గిన్నె. ఆ ఒంటరితనం ఏ పట్టికలోనూ కనపడదు, కానీ చాలామంది డైట్ వదిలేసేది దానివల్లే.

పోయిన నెల తెనాలి వెళ్లాను. ఇప్పుడు అక్క మధ్యాహ్నం కొర్రన్నం, వారానికి మూడుసార్లు జొన్నరొట్టె తింటోంది, బరువు 67.4 దగ్గర నాలుగు నెలలుగా ఆగి ఉంది. వంటింటి అరలో బియ్యం డబ్బా పక్కన ఒక పాత ప్లాస్టిక్ కప్పు కనపడింది. ఒకసారి తక్కెడలో 50 గ్రాముల కొర్రలు తూచి, అందులో పోసి, అవి ఎంతవరకు వచ్చాయో అక్కడ ఎర్ర గోళ్లరంగుతో గీత గీసుకుంది. దానికి పైన 75కి ఇంకో గీత. ఆ పైన మూడో గీత కూడా ఉంది, కొంచెం చెరిపేసినట్టు. "అదేంటక్కా?" అన్నాను. "అది వంద. మూడు వారాలు చూశా, పెరిగా. అందుకే చెరిపేశా" అంది కొర్రలు కడుగుతూ.